గోనె కుక్కిన ఏడు బెజ్జాలు

గోడలో బెజ్జం ఎవరు పూడ్చాలి అన్న మాట మీద పని తెలిసిన మనుషులు నెల రోజులు కొట్లాడుకోవడం నేను చూశాను. నాగర్‌కర్నూల్ ఊరి బయట తల్లీపిల్లల దవాఖాన ఒకటి కడుతున్నప్పటి మాట. నేనూ మా ఆయనా అక్కడ పనికి పోయేవాళ్లం. ఆయన మేస్త్రి. నేను ఆయనకు ఇటుకా సిమెంటూ అందించేదాన్ని. మాది బిజినేపల్లి పక్కన పల్లె. బొంబాయి, పూణె, షోలాపూర్ తిరిగి మోకాళ్లు అరగ్గొట్టుకున్నాక, పొద్దున బస్సెక్కి పోయి పొద్దుగూకేసరికి ఇల్లు చేరే పని దొరికింది. అంతకన్నా ఏం కావాలి.

ఆ దవాఖాన రెండో అంతస్తులో కరెంటు బోర్డుల గది ఉంది. దాని గోడకు అవతలి పక్క బాలింతల వార్డు. ఆ గోడ కట్టింది మా ఆయనే. కరెంటు గదిలో మంట పుడితే రెండు గంటల దాకా అవతలికి పోనీయకుండా నిలబడాల్సిన గోడ అని ముందే చెప్పారు. అందుకని కింది నుంచి పై శ్లాబు దాకా చీమ దూరే సందు లేకుండా లేపాడు. పనివాళ్లం దాన్ని మంటగోడ అనేవాళ్లం. ఆయన చేతులు కడుక్కున్న వారానికి కరెంటువాళ్లు మిషన్లు తెచ్చి దాన్ని జల్లెడ చేశారు. వైర్లు అవతలికి పోవాలి, తప్పదు. కానీ అరచేయంత బెజ్జం కొట్టి, అందులోంచి రెండు వైర్లు లాగి వదిలేస్తే మిగతా సందు సంగతి ఏమిటి?

మా ఆయన పోయి కరెంటు పని చూసే మనిషిని పట్టుకున్నాడు. తెలకపల్లి మనిషి, నలభై లోపు ఉంటాడు. నోరు మంచిది కాదు గానీ పని మంచిది.

“గోడ నీది తాతా. బొక్క నువ్వే పూడ్సాలె,” అన్నాడు అతను.

“బొక్క కొట్టింది నువ్వు. కొట్టినోడే పూడ్సాలె.”

“నాది వైరు గుంజే పని. సిమెంటు పని నాది గాదు.”

“నాది కట్టే పని. నువ్వు చెడగొట్టిన కాడల్లా తాపీ పట్టుకొని నీ ఎంబడి తిరుగుతనా?”

“తిరుగు, జర ఒళ్లు తగ్గుతది.”

మా ఆయన ఒంటి మీద తగ్గడానికి ఏమీ లేదు. అందరూ నవ్వారు. బెజ్జాలు అట్లాగే ఉన్నాయి. ఏసీ పైపుల వాళ్లను అడిగితే కరెంటువాళ్లను చూపించారు. పెద్ద కాంట్రాక్టరు మనిషిని అడిగితే కాగితంలో లేదన్నాడు. ఆ బెజ్జాలన్నీ పైన, సీలింగు అట్టలు వచ్చే చోటుకు మీద ఉన్నాయి. అట్టలు వేశారంటే ఇక ఎవరి కంటా పడవు. అందరికీ ఉన్న ధైర్యం అదే.

ఇంజనీరు వనపర్తి అమ్మాయి. నా చిన్న బిడ్డ ఈడుది. సన్నగా ఉంటుంది, మెల్లగా మాట్లాడుతుంది. ఆ మెల్లని మాటకే జనం భయపడేవాళ్లు. ఒకనాడు అందరినీ ఆ అంతస్తులో నిలబెట్టింది.

“ఎవరు కొట్టిండ్రు అన్నది నాకొద్దు. ఎవరు మూస్తరో వాళ్లు పక్కన చీటీ అతికించి పేరు రాయాలె. ఏ గోడ, ఎన్నో బొక్క, ఏ రోజు, ఎవరు మూసిండ్రు. రేపు ఏమన్నయితే ఆ పేరునే అడుగుత.”

కరెంటాయన ఫోను చూసుకున్నాడు. మా ఆయన చెవి వెనక బీడీ కోసం తడుముకున్నాడు. “ఆడోళ్లల్ల ఎవరికన్న రాయొస్తదా?” అని అడిగింది ఆ పిల్ల. నేను చెయ్యి ఎత్తాను.

యాభై నాలుగేళ్లు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. మా చర్చిలో పాస్టరమ్మ ఆదివారం ప్రార్థన అయ్యాక అరుగు మీద కూర్చోబెట్టి నేర్పింది. నేను పాటల పుస్తకంలో వేరే పేజీ తెరుచుకొని గొంతెత్తి పాడుతుంటే చూసి ఆమెకు జాలి కలిగిందట. జాలి నాకు నచ్చదు. అక్షరాలు నచ్చాయి. ఇంట్లో పలక ముందర పెట్టుకుని కూర్చుంటే మా ఆయన, “ఇగ కలెక్టరవుతవా ఏంది?” అన్నాడు. తెల్లారి పనికి పోయి వస్తూ దుకాణంలో నాలుగు బలపాలు కొనుక్కొచ్చాడు. నువ్వూ నేర్చుకో రాదా అంటే, నా బొటనవేలు మంచిగనే పని చేస్తుంది, దానికి చదువెందుకు అనేవాడు.

హైదరాబాదు నుంచి ఒక మనిషి వచ్చి మూడు రోజులు ఉండి ఆ పని నాకు నేర్పాడు. రాతిని కరిగించి తీసిన ఊలు ఒకటి ఉంటుంది. చూస్తే దూది, పట్టుకుంటే దురద. బెజ్జంలో దుమ్ము దులపాలి. ఊలును సందు కన్నా కొంచెం పెద్ద ముక్కగా కోసి, అదిమి కుక్కాలి. వైరుకూ వైరుకూ మధ్య కూడా పోవాలి. దాని మీద గోడకు రెండు పక్కలా ఎర్రని పేస్టు బొటనవేలు మందాన పూయాలి. “ఇదెందుకు, సిమెంటు పూస్తే చాలదా?” అని అడిగాను. వేడికి వైరు మీది తొక్క కరిగిపోతుంది, అక్కడ కొత్తగా సందు పడుతుంది, ఈ పేస్టు వేడి తగిలితే ఉబ్బి ఆ సందును కూడా మూసేస్తుంది అని చెప్పాడు. మంట కన్నా ముందు పొగ మనిషిని చంపుతుందని కూడా చెప్పాడు. ఇంజనీరు పిల్ల ఇంకో మాట చెప్పింది. ఆ రెండు గంటల్లో వార్డులో వాళ్లను కిందికి దించాలి. కుట్లు పచ్చిగా ఉన్న ఆడది మెట్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

మేస్త్రీలు ఆ పనిని చూసి నవ్వారు. “దూది కుక్కే పని, ఆడోళ్లకే మంచిగుంటది,” అన్నారు. మా ఆయన నవ్వలేదు. కానీ అది ఎట్లా చేస్తారని ఒక్కసారి కూడా అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. నలభై ఏళ్లలో మొదటిసారి ఆయనకు తెలియని పని నాకు తెలిసింది. దాన్ని కొంచెం దాచుకున్నాను. నిచ్చెన మీద కూర్చుని బెజ్జం మూసి, చీటీ మీద ఒక్కో అక్షరం దిద్ది పేరు రాసి, కిందికి చూస్తే ఆయన తల పైకెత్తి చూస్తుండేవాడు. ఆ చూపు నాకు బాగుండేది.

ఊలూ పేస్టూ ఒక రేకు పెట్టెలో పెట్టి తాళం వేసేదాన్ని. వదిలేస్తే ఎవరో ఒకరు తీసుకుపోయి స్నానాల గది పైపుల చుట్టూ పూస్తారు. తాళం చెవి నా కొంగుకు ముడేసుకునేదాన్ని.

మంటగోడలో ఇంకా ఏడు బెజ్జాలు ఉన్నాయనగా గద్వాల నుంచి కబురు వచ్చింది. మా చెల్లెకు కంటి ఆపరేషన్. దానికి నేను తప్ప దిక్కు లేదు. వనపర్తిలో బస్సు మారి పోయి నాలుగు రోజులు ఉన్నాను. మా ఆయన రోజూ ఫోను చేసేవాడు. చెల్లె ఎట్లున్నది, అన్నం తింటుందా అని అడిగేవాడు. పని సంగతి అడిగితే, “అయితుంది. నువ్వు ఫికర్ చెయ్యకు,” అనేవాడు.

తిరిగి వచ్చేసరికి ఏడు బెజ్జాలూ మూసి ఉన్నాయి.

సీలింగు అట్టలవాళ్లు తొందర పెట్టారట. ఆ ముసలామె రాకపోతే మేం ఆగుతామా, మూసేస్తాం అన్నారట. నాకు మాట వస్తుందని మా ఆయన తన పని అయ్యాక రెండు సాయంత్రాలు కూర్చుని ఏడూ పూడ్చాడు. ఇంజనీరు పిల్ల కింద నిలబడి టార్చి వేసి చూసింది. ఎర్రగా, నున్నగా, ఒకదాని పక్కన ఒకటి. “ఏడు చీటీలు రాసి అతికియ్యి పెద్దమ్మా. రేపు సీలింగు ఏస్తరు,” అని నా చేతికి చీటీలు ఇచ్చి వెళ్లిపోయింది.

నేను పెన్ను తీసుకుని నిచ్చెన ఎక్కాను. మొదటి చీటీ మీద గోడ నెంబరు రాశాను. బెజ్జం నెంబరు రాశాను. నా పేరు రాయబోతే కొంగు జారింది, సర్దుకుంటుంటే ముడి చేతికి తగిలింది. చెవి నా దగ్గరే ఉంది. నాతో గద్వాలకు వచ్చింది, నాతో తిరిగి వచ్చింది. పెట్టె ఎవరూ తెరవలేదు. మరి ఈయన వీటిని దేనితో మూశాడు?

గోరుతో నొక్కాను. ఆ పేస్టు ఎండినా కొంచెం లొంగుతుంది. ఇది రాయిలా ఉంది. పేరు రాయకుండా కిందికి దిగాను.

మధ్యాహ్నం మెట్ల కింద కూర్చుని జొన్నరొట్టె తింటున్నప్పుడు అడిగాను.

“దేంతోటి మూసినవ్?”

“దేంతోటి మూస్తరు? గోనె సంచితోటి. సిమెంటు పాలల్ల నానేసి, గట్టిగ కుక్కి, మీద సిమెంటు మాలు కొట్టిన. ఎట్లుంది?”

“ఎర్రగెట్ల వచ్చింది?”

“మెట్లకు ఏసిన ఎర్ర పొడి మిగిలుండె. కలిపిన. నీవి ఎర్రగుండె గద, నావి తెల్లగుంటే చూడనీకె మంచిగుండదని.”

మోసం చేయాలని కలిపిన రంగు కాదు అది. గోడంతా ఒక్కతీరుగా ఉండాలి, ఎక్కడ ఎవరు చెయ్యి పెట్టారో తెలియకూడదు, అదే ఆయన నేర్చుకున్న పని. మా పక్క మేస్త్రీలు అందరూ అంతే. గోడలో పైపు పెట్టినా, ఎలుక తవ్వినా, తలుపు చట్రం పక్కన సందు మిగిలినా, గోనె ముక్కను సిమెంటు పాలలో ముంచి కుక్కి పూత వేస్తాం. నేనే ఎన్ని గోనెలు నానబెట్టి ఇచ్చానో లెక్క లేదు. ఈ ఏడు మాత్రం నానబెట్టడానికి నేను లేకపోతే తనే నానబెట్టుకున్నాడు. నాకోసం.

“అయ్యా, అది పనికి రాదు,” అన్నాను.

నమలడం ఆపాడు. “నలభై ఏండ్ల సంది కుక్కుతున్న. ఏ గోడ పడ్డది?”

“గోడ పడదు. మంటొస్తే గోనె కాలుతది, పొగ అవుతలికి పోతది.”

“సిమెంటు లోపలున్న గోనె కాలుతదా? నీకు ఆ హైదరాబాదోడు మంచిగ ఎక్కించిండు.”

“కాలుతది.”

“నా పనికి నువ్వు వంక పెడుతున్నవా?” అన్నాడు. కోపంగా కాదు. ఆశ్చర్యంగా అన్నాడు. నేను మిగిలిన రొట్టె మూట కట్టాను.

నిజం చెప్పాలంటే ఆ పూట నేను రెండు రకాలుగా ఆలోచించాను. పేరు రాసేస్తే అయిపోతుంది. రేపు సీలింగు మూస్తారు, మంట వస్తుందో రాదో ఎవరికి ఎరుక. రాయకపోతే, ఎందుకు రాయలేదో చెప్పాలి. చెబితే ఆయన మేస్త్రితనం పోతుంది. అరవై ఆరేళ్ల మనిషికి పొలం లేదు, చదువు లేదు. ఆయన కట్టిన గోడకు వంక పెట్టినవాడు లేడన్న మాట ఒక్కటే ఉంది. ఆ మాట తీసేసేది పెళ్లామే అవ్వాలా? ఇట్లా అనుకుంటూనే మళ్లీ వార్డు గుర్తుకు వచ్చేది. అప్పటికి మంచాలు కూడా రాలేదు. ఖాళీ గది. కానీ మంచాలు వస్తాయి కదా.

ఇంజనీరు పిల్ల సాయంత్రం చీటీలు అడిగింది.

“ఇంకా ఆరలే బిడ్డా. తడి మీద చీటీ అంటదు,” అన్నాను.

“ఎన్ని రోజులు?”

“రెండు.”

నా జన్మలో నేను చక్కగా చెప్పిన అబద్ధం అదొక్కటే. ఆమె సీలింగువాళ్లను వేరే గదికి పంపింది. వాళ్లు నన్ను తిట్టుకుంటూ పోయారు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక మా ఆయన నీళ్లు పోసుకుని వచ్చి, పెరట్లో పడి ఉన్న ఇనుప పైపు ముక్కలు రెండు తెచ్చి నా ముందు పడేశాడు. జానెడు పొడవు ఉంటాయి.

“ఒక్కదాంట్ల నేను కుక్కుత. ఇంకోదాంట్ల నువ్వు కుక్కు. పొయ్యిల పెడదాం.”

“ఇప్పుడే పెడదామా?”

“ఆరొద్దా? పచ్చి మాలు కాల్చి నా పని బాగలేదంటే నేను ఒప్పుకోను. రెండు రోజులు ఆగు.”

రెండు పైపుల్లోనూ తలా రెండు వైరు ముక్కలు పెట్టాం. ఆయన గోనె నానబెట్టాడు. ఎప్పటిలాగే చెయ్యి చాపాడు, నేను ఎప్పటిలాగే ముక్క అందించాను. పందెంలో అటు పక్క ఉన్నానని మర్చిపోయాను. “ఇయ్యకు. నేనే తీసుకుంట,” అన్నాడు. తర్వాత నా పైపులో, పనిలో మిగిలిన ఊలు ముక్కలూ కొంచెం పేస్టూ సంచిలో ఉంటే, ఊలు కుక్కి పేస్టు పూశాను. అప్పుడు పక్కన కూర్చుని మొదటిసారి దగ్గరగా చూశాడు. “వైరు నడుమ గూడ పెడుతవా?” అన్నాడు. పెడతాను అన్నాను.

ఆ రెండు రోజులూ ఆయన తన పైపుకు పొద్దున లేవగానే నీళ్లు చల్లాడు, గోడకు చల్లినట్టే. తర్వాత పొయ్యి గట్టు మీద వేడికి ఆరబెట్టాడు. ఆయన గెలవాలని నాకు ఎంతగా అనిపించిందో. గెలిస్తే పోయి హాయిగా ఏడు చీటీల మీద పేరు రాసేసేదాన్ని.

రెండో సాయంత్రం కట్టెల పొయ్యి బాగా రాజేసి, రెండు పైపులూ చెరో పక్క ఒక చివర మంటలోకి, ఒక చివర బయటికి పెట్టాం. పీట మీద ఆయన, నేల మీద నేను. కొంచెం సేపు రెండూ ఒక్కలాగే ఉన్నాయి. తర్వాత ఆయన పైపులో వైరు తొక్క కరిగి కారింది. వైరు చుట్టూ సన్నగా సందు పడింది. పూత టప్పున పగిలింది. ఇంకాసేపటికి బయటి చివర నుంచి పొగ మొదలైంది. ముందు బీడీ పొగంత. తర్వాత చలికాలం తడి పిడకల నుంచి వచ్చినంత. ఆయన వంగి ఆ చివరకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ల సందుల్లోంచి వచ్చింది. దగ్గు వచ్చింది. చెయ్యి తీయలేదు.

నా పైపులో పేస్టు పెనం మీది రొట్టెలా ఉబ్బింది. వాసన వచ్చింది గానీ బయటి చివర నుంచి పొగ రాలేదు.

ఆయన రెండు పైపులూ పట్టకారుతో తీసి నేల మీద పెట్టి, నీళ్లు పోశాడు. తన పైపును తిప్పి తిప్పి చూశాడు. లోపల గోనె ఇంకా ఎర్రగా కాలుతూనే ఉంది.

“బొంబాయిల గూడ ఎన్ని కుక్కినమో,” అన్నాడు.

“ఊఁ.”

“పదో అంతస్తుల ఒకటుండె. యాదికున్నదా?”

“ఉన్నది.”

“అండ్ల జనం ఉంటుండొచ్చు ఇప్పుడు.” కాలుతున్న కట్టెను పొయ్యిలోంచి వెనక్కి లాగాడు. “అన్నం పెట్టు,” అన్నాడు.

తెల్లారి నేను లేచేసరికి ఆయన లేడు. నా కోసం ఆగకుండా మొదటి బస్సుకే పోయాడు. నేను పోయేసరికి రెండో అంతస్తులో సుత్తి చప్పుడు వినిపిస్తోంది. నిచ్చెన మీద కూర్చుని ఉలితో తన పూత తనే పగలగొడుతున్నాడు. సీలింగువాళ్లు కింద నిలబడి అరుస్తున్నారు.

“ఓ ముసలాయనా, పిచ్చి లేసిందా? మంచిగున్నదాన్ని పలగ్గొడుతున్నవ్.”

“నా పని నేను పలగ్గొట్టుకుంటున్న. నీకేడ నొస్తుంది?”

ఇంజనీరు పిల్ల వచ్చింది. రాలిన ఎర్ర పెళ్లల మధ్య గోనె పీచు చూసింది. ఒకటి చేతిలోకి తీసుకుంది.

“ఎవరిది ఇది?”

“నాది,” అన్నాడు పై నుంచి.

“నాది,” అన్నాను నేను. “పెట్టె చెవి నేను తీస్కపోయిన. ఇట్ల చెయ్యొద్దని ఈయనకు చెప్పలే.”

“గోనె కుక్కింది నేను. దాంట్ల నీదేముంది?”

“నేను చెప్పింటే నువ్వు కుక్కుతుంటివా?”

“చెప్పినా కుక్కుతుంటి. ఊకో.”

పక్క గదిలోంచి కరెంటాయన తల బయట పెట్టాడు. “నెల దినాలు నాది గాదంటే నాది గాదని కొట్లాడితిరి. ఇయ్యాల నాదంటే నాదని కొట్లాడుతుండ్రు. గీ గోడకు ఏం పట్టిందో.”

ఎవరో నవ్వబోయి ఆగారు. ఇంజనీరు పిల్ల నా వైపు తిరిగింది.

“రెండు రోజుల కిందనే నీకు ఎరుక. ఆరలేదని చెప్పినవ్. నాకు ఎందుకు చెప్పలే పెద్దమ్మా?”

“మొగుడు బిడ్డా,” అన్నాను. “జర టైం పట్టింది.”

ఆమె ఆ పీచును జేబులో పెట్టుకుంది. మళ్లీ మొత్తం శుభ్రం చేసి కొత్తగా మూయమంది, తనే నిలబడి చూస్తానంది. మా ఆయన్ని మాత్రం మంటగోడల మీద చెయ్యి పెట్టొద్దంది. ఉన్నది ఉన్నట్టు పుస్తకంలో రాసుకుంది. నేను బతిమాలలేదు. ఆమె చోట ఉంటే నేనూ అదే రాస్తాను.

ఆ రోజంతా ఆయన నా కింద నిలబడి ఊలు కోసి అందించాడు. ముక్కలు ఎంత కొలతగా కోశాడో! నేను అట్లా కోయలేను. పైకి అందిస్తూ, “ఇది చాల్తదా?” అని ప్రతిసారీ అడిగాడు. ఏడు బెజ్జాలకూ అడిగాడు. ఏడు చీటీలు రాశాను. చివరిది అతికించి దిగబోయాను. ఆయన మోచేయి పట్టుకుని దించాడు.

ఇంటికి వచ్చాక చేతులన్నీ దురద. ఎర్రగా గీరుకున్నాడు. కొబ్బరినూనె రాస్తుంటే, “ఇన్నొద్దులు నువ్వెట్ల తట్టుకున్నవే దీన్ని?” అన్నాడు. ఇన్నాళ్లు నా చేతులు ఆయన చూడలేదు. చూస్తే అవి కూడా అట్లాగే ఉన్నాయి. అప్పుడు నూనె సీసా ఆయన తీసుకున్నాడు.

ఊరికే పోలేదు ఆ సంగతి. పనిలో ఉన్న మేస్త్రీలు ఆయనకు గోనె మేస్త్రి అని పేరు పెట్టారు. ఆ పేరు బిజినేపల్లి దాకా వచ్చింది. హోటల్లో చాయ్ తాగుతుంటే కూడా పిలిచారు. ఆయన్ని లోపలి పని మాన్పించి ప్రహరీ గోడకు వేశారు. ఒకరోజు ఒక మేస్త్రి నా ముందరే అట్లా పిలిస్తే, నేను తగులుకోబోయాను. మా ఆయన ఆపాడు.

“గోనె మేస్త్రినే,” అన్నాడు వాడితో. “నువ్వు దేంతోటి కుక్కుతవ్?”

ఏం చెబుతాడు, వాడు కుక్కేదీ అదే. మా ఆయన వాడిని కూర్చోబెట్టి, వైరు తొక్క ఎట్లా కరుగుతుంది, పొగ ఎట్లా వస్తుంది అని చేతులు తిప్పుతూ చెప్పాడు. నేను దాచుకున్నదాన్ని ఆయన దాచుకోలేదు.

దవాఖాన తెరిచారు. మేం వేరే పనులకు పోయాం. ఆరు నెలలు గడిచాక ఒక పొద్దున కరెంటాయన ఫోను చేశాడు. అతనికి అక్కడే పని దొరికింది.

“పెద్దమ్మా, వార్డు బయట కెమెరా పెట్టాలె. మంటగోడల నుంచి ఇంకో వైరు గుంజాల్నంట. నేను బొక్క కొడితే ఎంబడే నువ్వు మూస్తవా? నువ్వొచ్చినంకనే కొడుత.”

“నువ్వే మూస్తే కాదా? చూసినవు గద.”

“మూస్త గని, నువ్వుండాలె. పేరు ఇద్దరిది రాద్దాం. ఒక్కనికి భయమైతుంది.”

నేనూ మా ఆయనా ఇద్దరం పోయాం. కరెంటాయన ఒక సీలింగు అట్ట తీశాడు. నిచ్చెన ఎక్కి టార్చి వేస్తే నా చీటీలన్నీ వరుసగా ఉన్నాయి, దుమ్ము పట్టి. అతను బెజ్జం కొట్టాడు, వైరు లాగాడు, ఊలు తనే కుక్కాడు. పేస్టు నేను పూశాను. మా ఆయన కింద నిలబడి ముక్కలు కోశాడు. గోడ మీద చెయ్యి పెట్టలేదు. వద్దన్న పిల్ల అక్కడ లేకపోయినా పెట్టలేదు.

పని అయ్యాక అవతలి పక్క పేస్టు చూడటానికి వార్డు వైపు వెళ్లాం. అది బాలింతలను చూసిపోయేవాళ్లు వచ్చే వేళ. ఒక్కో మంచం దగ్గర ఇద్దరు ముగ్గురు. నేను నా పని చూసుకుని తిరిగి చూస్తే మా ఆయన ఆ గోడ పక్కనే తల పైకెత్తి నిలబడి ఉన్నాడు. అట్టలు మూసిన సీలింగు తప్ప అక్కడ ఏమీ లేదు. ఒక అట్ట కింద నిలబడి చూశాడు. రెండడుగులు వేసి ఇంకో అట్ట కింద నిలబడ్డాడు. నాకు అర్థమైంది. ఏడూ ఎక్కడెక్కడ ఉన్నాయో ఆయనకు ఎరుకే.

అటుగా వచ్చిన నర్సమ్మ చూసి అనుమానంగా ఆగింది.

“ఏం చూస్తున్నవ్ తాతా? మీ పేషంటు ఏ మంచం?”

“మా పేషంటు ఎవరు లేరమ్మా. మా ఇంటామె పని ఉన్నది పైన. చూస్తున్న.”

ఆమె పైకి చూసింది. తెల్లని అట్టలు. “ఏముంది ఆడ?”

“ఏం లేదు,” అన్నాడు. “ఏం లేకుంటనే ఉండాలె.”

నేను పక్కకు వచ్చి, “పా, బస్సు పోతది,” అని గట్టిగా అన్నాను. నర్సమ్మ వేలు పెదవి మీద పెట్టి మూల మంచం చూపించింది. అక్కడ ఒక పిల్ల, పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి, బిడ్డను పొట్ట మీద వేసుకుని నోరు తెరిచి నిద్రపోతోంది.

“మెల్లగ పోండ్రి,” అంది. “రాత్రంత పండుకోలే ఆ పిల్ల. ఇప్పుడే నిద్ర పట్టింది.”

మా ఆయన వంగి రెండు చెప్పులూ విప్పి చేతిలో పట్టుకున్నాడు. నేనూ విప్పాను. మెట్ల దాకా అట్లాగే నడిచి వచ్చాం.